నా ఇంటర్నెట్, వాళ్ళ నిద్ర

నెట్‌వర్క్ సాఫ్ట్‌వేరు రాయడం నా వృత్తి. డేటా ఒక చోటినుంచి ఇంకో చోటికి పోయే దారిలో ఎక్కడ ఆగిపోవచ్చు, ఆగితే ఏం చెయ్యాలి అన్నదే రోజూ నా పని. అలాంటి నేను మోటర్‌హోమ్‌లో తిరుగుతూ ఉద్యోగం చేద్దామని బయల్దేరినప్పుడు, నా సొంత లైను ఎక్కడ తెగుతుందో ఒక్కసారి కూడా కాగితం మీద రాసి చూసుకోలేదు. ఆ తెలివితక్కువతనం వల్ల నష్టం నాకే జరిగి ఉంటే ఇది రాసేవాణ్ణి కాదు. హైదరాబాదులో కూర్చున్న ఒక కుర్రాడికి జరిగింది.

మేముండేది డాలస్ శివారులో. 2020లో కోవిడ్ వచ్చి ఆఫీసు ఇంటికొచ్చేసింది, మళ్ళీ వెనక్కి పిలవలేదు. అమ్మాయి కాలేజీకి వెళ్ళిపోయాక ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. వాడిన మోటర్‌హోమ్ ఒకటి కొన్నాం. అమెరికా పడమటి రాష్ట్రాల్లో బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే ప్రభుత్వ శాఖ కింద విశాలమైన భూములున్నాయి. చాలాచోట్ల ఒక్క డాలరు కట్టకుండా 14 రోజులు బండి పెట్టుకుని ఉండొచ్చు. కరెంటు ఉండదు, కొళాయి ఉండదు, పక్కన మనిషి ఉండడు. ఎర్ర కొండల ఎదురుగా కూర్చుని పని చేసుకోవాలన్న కోరిక తప్పని నేనిప్పటికీ అనుకోను. దాన్ని తీర్చుకున్న పద్ధతే తప్పు.

మొదటి తప్పు పటాన్ని నమ్మడం. ఫోను కంపెనీల వాళ్ళ కవరేజీ పటంలో యూటా దక్షిణాన 12వ నంబరు రహదారి పొడవునా రంగు నిండుగా ఉంది. ఆ రంగు చూసి, ఎస్కలాంటె ఊరి దగ్గర రాతిగోడల మధ్య, ఎండిపోయిన వాగు పక్కన ఆదివారం సాయంత్రం బండి నిలిపాను. సోమవారం ఉదయం ఫోనులో ఒక్క బారు కూడా లేదు. ఆ పటాలను ఎవరూ ఊరూరా తిరిగి కొలిచి గియ్యరు. టవర్ ఎత్తు, తరంగం బలం, నేల ఎత్తుపల్లాలు కంప్యూటరుకిచ్చి, ఇక్కడిదాకా అందాలి అని లెక్క కట్టిస్తారు. అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ సిబ్బంది కార్లలో తిరిగి ఆ పటాలను పరీక్షించారు. 2019 డిసెంబరులో నివేదిక ఇచ్చారు. పటాలు ఉంటుందన్న కనీస వేగం వాళ్ళకు దొరికింది సుమారు 62 శాతం పరీక్షల్లోనే. ఆ నివేదిక వచ్చిన రోజుల్లోనే నేను చదివాను. చదివి కూడా, నేను వెళ్ళదలచుకున్న చోటు మిగతా 38లో ఉండదని అనుకున్నాను. ఎందుకలా అనుకున్నానో ఇప్పటికీ నాకు సరైన జవాబు దొరకలేదు. వెళ్ళాలని మనసులో ముందే తేల్చేసుకున్నవాడికి పటం అనుమతి పత్రంలా కనిపిస్తుంది కాబోలు.

మా నాన్న టెలికాం శాఖలో లైన్‌మ్యాన్‌గా చేశాడు. రేపల్లె చుట్టుపక్కల ఊళ్ళు ఆయనవి. ఫలానా ఫోను మోగట్లేదని ఫిర్యాదు వస్తే, ఎక్స్ఛేంజీలో అంతా బాగానే ఉందని ఇంజనీరు చెప్పినా ఒప్పుకునేవాడు కాదు. సైకిలేసుకుని స్తంభం దాకా వెళ్ళి, భుజాన వేలాడే టెస్టు ఫోను తగిలించి, టోను చెవిన పడ్డాకే లైను ఉందనేవాడు. ఆయన చదివింది ఎనిమిదో తరగతి. ఆయన కొడుకుగా, ఇంజనీరింగు చదివినవాడిగా నేను చెయ్యాల్సిందల్లా ఆదివారం చీకటి పడకముందు ఫోను చేత్తో పట్టుకుని నాలుగడుగులు వెయ్యడం. అదీ చెయ్యలేదు.

ఆ దెబ్బతో పద్ధతి మార్చుకోవాల్సింది పోయి, పరికరాలు కొన్నాను. నాలాగా కొనబోయేవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు కాబట్టి ఈ సంగతి కాస్త వివరంగా చెప్పాలి.

ముందు సిగ్నల్ బూస్టరు కొన్నాను. పైకప్పు మీద ఒక యాంటెన్నా, లోపల ఒక యాంటెన్నా, మధ్యలో తరంగాన్ని పెంచే పెట్టె. బండి గోడల్లోని అల్యూమినియం చట్రం, ఎండను ఆపడానికి కిటికీ అద్దాలకు వేసిన లోహపు పూత సిగ్నల్‌ను కొంత మింగేస్తాయి కాబట్టి దీనివల్ల ఉపయోగం ఉంది. కానీ బయట సిగ్నల్ అనేదే లేనిచోట అది పెంచడానికేమీ ఉండదు. సున్నాను ఎన్ని రెట్లు చేసినా సున్నానే. బలహీనంగా ఉన్నచోట సిగ్నల్‌తో పాటు రొదనూ పెంచుతుంది. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఇప్పటి ఫోన్లు, రూటర్లు ఒకేసారి రెండో నాలుగో యాంటెన్నాలతో వేరువేరు ధారలుగా డేటాను అందుకుంటాయి. మామూలు బూస్టరు వాటన్నిటినీ ఒకే దారిలోంచి పంపుతుంది. ఫోనులో బార్లు పెరుగుతాయి, వేగం తగ్గుతుంది. నేను వారాల తరబడి ఆ బార్లను చూసి సంతోషించాను. రూటరుకు నేరుగా తీగతో కలిపే బహుళ యాంటెన్నా చాలాసార్లు ఇంతకన్నా మేలు. ఇది నా వృత్తి పుస్తకాల్లో ఉన్న విషయమే.

బార్లు చెప్పనిది ఇంకొకటి కూడా ఉంది. టవర్ పదుల వాట్ల శక్తితో మాట్లాడుతుంది. మన ఫోను మాట్లాడేది వాటులో అయిదో వంతు శక్తితో. దూరంగా ఉన్నప్పుడు దాని మాట మనకు వినిపిస్తుంది, మన మాట దానికి వినపడదు. అందుకే సినిమా చక్కగా వస్తుంది, మీటింగులో మాత్రం మన గొంతు ముక్కలైపోతుంది. వీడియో మీటింగుకు మనవైపు నుంచి పోయే దారిలో సెకనుకు రెండు మూడు మెగాబిట్లు నిలకడగా ఉంటే చాలు. నేను ఎప్పుడూ దిగే వేగాన్ని కొలిచి, బ్రహ్మాండంగా ఉందనుకుని మీటింగులో కూర్చునేవాణ్ణి. అవతలివాళ్ళు మీ మాట తెగిపోతోంది సార్ అంటే, మీవైపే ఏదో ఉన్నట్టుంది, ఒకసారి చూసుకోండి అనేవాణ్ణి. ఆ మాట ఎన్నిసార్లు అన్నానో తలుచుకుంటే సిగ్గేస్తుంది.

తర్వాత రెండో సిమ్. ఒక కంపెనీ లైను పోతే ఇంకో కంపెనీది ఆదుకుంటుందన్న ఆలోచన మంచిదే. తక్కువ ధరకు వస్తోందని వేరే పేరున్న కంపెనీ సిమ్ తీసుకున్నాను. అమెరికాలో దేశమంతటా సొంత టవర్లు నడిపే పెద్ద కంపెనీలు మూడే: వెరైజన్, ఏటీ అండ్ టీ, టీ-మొబైల్. చౌకగా దొరికే మిగతా పేర్లలో చాలావరకు ఈ మూడింటి టవర్లనే అద్దెకు తీసుకుంటాయి. నేను కొన్న రెండో సిమ్ మొదటిదాని టవర్ల మీదే నడిచేది. మొదటిది పోయిన ప్రతిచోటా అదీ పోయింది. పైగా టవర్ దగ్గర రద్దీ పెరిగినప్పుడు అద్దె కంపెనీల వాడకందార్లను వెనక వరసలో నిలబెట్టడం ఇక్కడ మామూలు. సాయంత్రం క్యాంప్‌గ్రౌండు నిండాక నా రెండో లైను కదిలేదే కాదు. కొనేముందు, ఇది ఎవరి టవర్ మీద నడుస్తుంది అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది.

చివరికి ఉపగ్రహాల ద్వారా ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్ డిష్ కొన్నాను. మా మోటర్‌హోమ్ లాంటి బండ్ల కోసమని వాళ్ళు 2022లో ఆ ప్లాను తెచ్చారు. పాతరకం ఉపగ్రహ ఇంటర్నెట్ 35,786 కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చేది. మాట వెళ్ళి జవాబు రావడానికి అర సెకను పైనే పట్టేది. స్టార్‌లింక్ ఉపగ్రహాలు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి కాబట్టి మాట వెంటనే అందుతుంది. నిజంగా గొప్ప పరికరం, దాన్ని నేను తప్పుపట్టను. కానీ దానికి విప్పారిన ఆకాశం కావాలి. ఉపగ్రహాలు నిలబడి ఉండవు, ఒకటి దాటిపోతుంటే ఇంకొకటి అందుకోవాలి. మధ్యలో చెట్టు కొమ్మ అడ్డొస్తే ఆ కొన్ని క్షణాలు లైను ఉండదు. సినిమా చూసేవాళ్ళకు అది తెలియనే తెలియదు, ముందే కొంత దిగి ఉంటుంది కాబట్టి. ఫోను మాట, సర్వరుతో కట్టిన లంకె, ఇవి మాత్రం అక్కడే తెగుతాయి. అదీగాక డిష్‌కు యాభై నుంచి డెబ్భై అయిదు వాట్ల కరెంటు కావాలి. నా బండిలో ఉన్నవి 100 యాంపియర్-అవర్ల పాత లెడ్ బ్యాటరీలు రెండు. కాగితం మీద అవి 2,400 వాట్-అవర్లు. సగానికి మించి వాడితే పాడవుతాయి కాబట్టి చేతికొచ్చేది 1,200. పగలంతా డిష్, లాప్‌టాప్, పెద్ద స్క్రీను, ఇన్వర్టరులో పోయేది, రాత్రి చలికి హీటరు ఫ్యాను, అన్నీ కలిపితే చాలదు. కూడిక లెక్క ఇది. రాత్రిపూట వోల్టేజీ పడిపోయి హీటరు ఆగిపోతే, చలికి వణుకుతూ లేచి మా ఆవిడ, “ఎండ సరిగా లేదని నిన్ననే అన్నాను కదండీ, జనరేటర్ వేసి పడుకుందామని” అంది. అన్న మాట నిజమే.

కాలం దగ్గర కూడా బోల్తా పడ్డాను. అరిజోనా 1968 నుంచి వేసవిలో గడియారం మార్చదు. పక్కన ఉన్న యూటా మారుస్తుంది. అరిజోనా లోపలే ఉన్న నవాజో ప్రజల స్వయంపాలిత ప్రాంతం మారుస్తుంది. ఈ మూడూ పేజ్ అనే ఊరి దగ్గర కలుస్తాయి. లేక్ పావెల్ ఒడ్డున లోన్ రాక్ దగ్గర, యూటా వైపు ఇసుకలో బండి పెట్టాం. మర్నాడు ఉదయం పదింటికి, అంటే మా బృందం ఉన్న హైదరాబాదులో రాత్రి తొమ్మిదిన్నరకు, మీటింగు. అరగంట ముందు మోగేలా ఫోనులో అలారం పెట్టి, ఉదయం నీళ్ళ ఒడ్డున నడవడానికి వెళ్ళాను. రాత్రి ఎప్పుడో ఫోను పేజ్ ఊరి టవర్‌ను పట్టుకుని అరిజోనా కాలానికి మారిపోయింది. తొమ్మిదిన్నరకని అలారం మోగేసరికి అసలు పదిన్నర. అక్కడ ఏడుగురు భోజనాలు పక్కనబెట్టి నా కోసం కూర్చుని ఉన్నారు. ఆ ప్రాంతానికి వచ్చేవాళ్ళకు హోటళ్ళలో, పడవ రేవుల్లో ఫోను గడియారాన్ని నమ్మొద్దని చెబుతూనే ఉంటారు. నేను ఎవర్నీ అడగలేదు.

ఇంతవరకు చెప్పినవన్నీ పొరపాట్లు. ఇక చెప్పబోయేది పొరపాటు కాదు. నేను మోటర్‌హోమ్‌లో ఉన్నానని ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. మీటింగుల్లో వెనక పుస్తకాల బీరువా బొమ్మ పెట్టుకునేవాణ్ణి. ఇంట్లో ఇంటర్నెట్ సరిగా లేదనేవాణ్ణి. చెబితే వద్దంటారేమోనన్న భయం. అబద్ధం నేనాడాను. దాని చుట్టూ సర్దుకోవాల్సిన పని మిగతావాళ్ళ మీద పడింది.

ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర కోకనీనో జాతీయ అడవిలో ఉన్నాం. చుట్టూ పొడవాటి పాండెరోసా పైన్ చెట్లు. డిష్ పెట్టడానికి సరైన ఖాళీ దొరకలేదు, అయినా అక్కడి నీడ బాగుందని ఆగిపోయాం. ఆ శుక్రవారం ఉదయం కొత్త వెర్షన్ విడుదల. డేటాబేసును మార్చే పని నాది. అలాంటి కమాండును సర్వరు మీదే నడిచేలా పెట్టాలి, అప్పుడు మన లైను తెగినా పని ఆగదు. కొత్తగా చేరిన పిల్లలకు నేనే అది నేర్పిస్తాను. ఆ రోజు తొందరలో నా లాప్‌టాప్ నుంచే నడిపాను. సగంలో డిష్ లైను పోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. డేటాబేసు సగం మారి, సగం తాళం పడి నిలిచిపోయింది. వాడకందార్ల చెల్లింపులు ఆగిపోయాయి.

సిగ్నల్ ఉన్నచోటికి పోదామంటే మోటర్‌హోమ్ కారు కాదు, తాళం తిప్పి లాగించెయ్యడానికి. బయటికి జరిపిన గది లోపలికి లాగాలి, బండిని నిలబెట్టిన జాకీలు ఎత్తాలి, డిష్ దించాలి, లోపల గిన్నెలు, పెట్టెలు కదలకుండా సర్దాలి, ఆ తర్వాత గుంతల మట్టిరోడ్డు మీద మెల్లగా నడపాలి. నేను రహదారి చేరి ఫోను పట్టుకునేసరికి హైదరాబాదులో అర్ధరాత్రి దాటింది. మా బృందంలో అందరికన్నా చిన్నవాడు, చేరి ఏడాది కూడా కానివాడు, ఒక్కడే కూర్చుని ఆ ముడి విప్పుతున్నాడు. “అన్నా, మీరు డ్రైవింగ్‌లో ఉన్నట్టున్నారు, నేను చూసుకుంటాలే” అన్నాడు. బండి చప్పుడు వినబడింది కాబోలు. ఇంట్లో ఉన్నానని రెండు గంటల క్రితమే వాడికి చెప్పాను. వాడు ఇంకేమీ అడగలేదు. అక్కడ తెల్లవారేదాకా ఇద్దరం కలిసి పని ముగించాం. ఆ పొద్దున్నే వాడు వరంగల్ వెళ్ళాల్సి ఉందని, వాళ్ళ నాన్నకు కంటి ఆపరేషనని తర్వాత ఇంకొకరి ద్వారా తెలిసింది. నిద్ర లేకుండా అదే బట్టలతో బండెక్కాడట. నాతో ఆ మాట అనలేదు.

సోమవారం నా మేనేజరుకు అంతా చెప్పాను. తర్వాత ఆ కుర్రాడికి ఫోను చేసి చెప్పాను. “తెలుసన్నా, మీ వెనక పుస్తకాల్లోకి అప్పుడప్పుడు చెయ్యి మాయమయ్యేది” అన్నాడు. బృందంలో అందరికీ ఎప్పట్నుంచో తెలుసట. వయసుకు, అనుభవానికి విలువిచ్చి ఊరుకున్నారు. ఆ మర్యాదను నేను వాడుకున్నాను. ఇంతకన్నా పెద్ద శిక్ష నాకెవరూ వెయ్యలేదు.

స్టీవ్ రాబర్ట్స్ అని ఒకాయన 1983లో ఒహాయో రాష్ట్రం కొలంబస్ నుంచి, వెనక్కి వాలి తొక్కే సైకిలు మీద అమెరికా చుట్టడానికి బయల్దేరాడు. చేతిలో చిన్న రేడియోషాక్ కంప్యూటరు, బతుకుతెరువు రాతపని. రోడ్డు పక్క పబ్లిక్ ఫోను కనబడితే ఆగి, రాసింది కంప్యూసర్వ్ అనే ఆన్‌లైన్ సేవ ద్వారా పంపేవాడు. ఆయన గురించి ముందునుంచీ తెలుసు, ఆయన్ను తలుచుకునే ఉత్సాహంగా బయల్దేరాను కూడా. ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది మాత్రం వదిలేశాను. లైను దొరికినప్పుడు పంపితే సరిపోయే పనినే ఆయన వెంట తీసుకెళ్ళాడు. రోడ్డు మీద ఉన్నానని లోకానికంతా చెప్పి మరీ చేశాడు.

ఇప్పుడూ మేము వెళ్తున్నాం, మానలేదు. నేనెక్కడున్నానో బృందానికి వారం ముందే తెలుస్తుంది. విడుదల ఉన్న వారం ఇంట్లోనే ఉంటాను. కొత్త చోటికి శుక్రవారం రాత్రే చేరి, శనివారమే పరీక్షించి, లైను నిలబడకపోతే ఆదివారం కదిలిపోతాం. బ్యాటరీలు లిథియంవి వేయించాను. రెండో సిమ్ వేరే టవర్లది. రెండూ పోతే దగ్గర్లో ఉన్న ఊరి గ్రంథాలయానికి వెళ్తాను. ఈ దేశంలో ఎంత చిన్న ఊరికైనా గ్రంథాలయం ఉంటే, దాదాపుగా ఎవరైనా ఉచితంగా వాడుకునే వైఫై ఉంటుంది, తలుపులు మూశాక కూడా చాలాచోట్ల బయట పార్కింగులో అందుతుంది. యూటాలో మొదటి సోమవారం నన్ను ఆదుకున్నదీ ఒక గ్రంథాలయమే. నా పేరు కూడా అడగకుండా అక్కడి లైబ్రేరియన్ కిటికీ పక్క బల్ల చూపించింది. అలాంటి చోటికి వెళ్ళినప్పుడు విరాళం డబ్బా ఉంటే అందులో ఏదైనా వెయ్యండి.

ఇక్కడి తెలుగు పిల్లలు చాలామంది వ్యాను కొంటాం, తిరుగుతూ పని చేస్తాం అని నన్ను సలహా అడుగుతున్నారు. హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్ళు బయల్దేరకముందే కంపెనీ లాయరును అడగండి. ఆ వీసాలో పనిచేసే చోటు కాగితాల్లో రాసి ఉంటుంది. దాన్ని దాటి వేరే ప్రాంతంలో కుదురుకుని పని చేస్తే కొత్తగా దరఖాస్తు వెయ్యాల్సి రావచ్చు. పౌరసత్వం ఉన్నవాళ్ళకూ చాలా రాష్ట్రాల్లో అక్కడ పని చేసిన రోజులకు పన్ను లెక్క ఉంటుంది. చెప్పకుండా వెళ్తే ఆ ఇబ్బంది కంపెనీ మీద కూడా పడుతుంది. వీసా ఏదైనా, మీరు ఎక్కడినుంచి పని చేస్తున్నారో, మీ లైను ఎప్పుడు ఉండదో, హైదరాబాదులోనో బెంగళూరులోనో మీకోసం మేలుకుని కూర్చునేవాళ్ళకు ముందే చెప్పండి. డిష్ ఏది కొనాలన్నది ఆ తర్వాత అడగండి, చెబుతాను.